ఆరోగ్యశాలలను తీర్చిన ఫ్లారెన్సు నైటింగేలు

చేత దీపము ధరించి, అర్ధరాత్రమున గాయపడిన సైనికుల మంచముల నడుమ మెల్లగా నడచుచు, ఒక్కొక్కరిని పలుకరించి ఓదార్చిన దయామూర్తిగా ఫ్లారెన్సు నైటింగేలును లోకమెరుగును. ఆ కీర్తి ఆమెకు తగినదే. కాని ఆమె యుద్ధభూమికి చేరువనున్న ఆసుపత్రులలో దీపము పట్టి తిరిగినది రెండు సంవత్సరములకంటె తక్కువ కాలమే. అటుపిమ్మట ఆమె అర్ధశతాబ్దికి పైగా జీవించెను. ఆ దీర్ఘకాలములో ఆమె చేసిన గొప్పపనులలో ఒకటి లోకమునకు అంతగా తెలియదు. అది ఆరోగ్యశాలల కట్టడమును సంస్కరించుట. మంచి వైద్యుడును, మంచి ఔషధమును, మంచి ఉపచారికయు ఉన్నను, కట్టడము చెడ్డదైనచో రోగి బ్రదుకుట దుర్లభమని ఆమె కన్నులార చూచి తెలిసికొనెను. ఆ సత్యమును లెక్కలతో నిరూపించి, ప్రభుత్వములచేత ఒప్పించెను.

ఫ్లారెన్సు 1820వ సంవత్సరము మే 12వ తేదీన ఇటలీదేశమందలి ఫ్లారెన్సు నగరమున జన్మించెను. ఆ నగరము పేరే ఆమెకు పెట్టబడినది. తల్లిదండ్రులు ఇంగ్లండుదేశపు సంపన్నులు. వారికి డెర్బీషైరులో ఒకటి, హాంప్‌షైరులో ఒకటి రెండు పెద్ద భవనములుండెను. తండ్రి విద్యావంతుడు. ఆయన తన ఇద్దరు కుమార్తెలకును తానే గురువై గ్రీకు, లాటిను భాషలను, చరిత్రను, తత్త్వశాస్త్రమును నేర్పెను. ఫ్లారెన్సుకు గణితమునందు మిక్కిలి ఆసక్తి. ఇతర బాలికలు బొమ్మలతో ఆడుకొను వయసున ఆమె వస్తువులను వర్గములుగా విభజించి, పట్టికలుగా వ్రాసికొనుచుండెడిది. ఈ అభ్యాసము ముందు ముందు వేలకొలది ప్రాణములను కాపాడునని ఆనాడు ఎవరును ఊహింపలేదు.

పదునేడవ యేటికి పూర్వమే ఆమెకు దైవసేవ చేయవలెనను సంకల్పము కలిగెను. రోగులకు పరిచర్య చేయుటయే ఆ సేవయని కొన్నియేండ్లకు ఆమె నిశ్చయించుకొనెను. కాని ఆ కాలమున ఇంగ్లండులో ఆసుపత్రి ఉపచారికల వృత్తి గౌరవమైనదిగా ఎంచబడలేదు. సంపన్నుల బిడ్డ ఆ పనికి పోవుట కుటుంబమునకు అవమానమని తల్లియు అక్కయు తలచిరి. ఫ్లారెన్సు తన కోరికను విడువలేదు. వేకువజామున లేచి, దీపపు వెలుగున ఆసుపత్రుల నివేదికలను చదువుచు, వివరములను వ్రాసికొనుచుండెను. దేశాంతరములకు పోయినపుడు అచటి ఆరోగ్యశాలలను దర్శించుచుండెను. 1851వ సంవత్సరమున జర్మనీలో రైనునదీతీరమందలి కైసర్స్‌వెర్తు అను ఊర మూడు నెలలుండి రోగిసేవను అభ్యసించెను.

1853వ సంవత్సరమున లండను నగరములో స్త్రీల కొరకు ఏర్పడిన ఒక చిన్న ఆసుపత్రికి ఆమె అధ్యక్షురాలయ్యెను. పదవి స్వీకరించుటకు ముందే ఆమె భవనమును గూర్చి కొన్ని కోరికలు కోరెను. ప్రతి అంతస్తునకును వేడినీరు గొట్టముల ద్వారా రావలెను. రోగుల భోజనము వంటయింటినుండి పైయంతస్తులకు చేర్చుటకు త్రాటితో నడచు ఎత్తుడుపెట్టె ఉండవలెను. రోగి గంట మ్రోగించినచో ఏ రోగి పిలిచెనో ఉపచారికకు వెంటనే తెలియునట్లు ఏర్పాటుండవలెను. మెట్లెక్కుటయందును దిగుటయందును ఉపచారిక వ్యయపరచు కాలమంతయు రోగికి దక్కవలసిన కాలమని ఆమె యుద్దేశము. మనుష్యులు ఎంత శ్రద్ధ గలవారైనను, కట్టడము వారికి తోడుపడకున్నచో ఆ శ్రద్ధ వ్యర్థమగునని ఆమె అప్పుడే గ్రహించినది.

మరుసటి సంవత్సరమున బ్రిటను, ఫ్రాన్సు దేశములు తురుష్కులతో కలిసి రష్యాపై యుద్ధమునకు దిగెను. క్రిమియా ద్వీపకల్పమున పోరు సాగుచుండెను. గాయపడినవారిని, రోగులను నల్లసముద్రము దాటించి, కాన్‌స్టాంటినోపిలు నగరమునకు ఎదుటనున్న స్కుటారిలోని ఆసుపత్రులకు చేర్చుచుండిరి. అచట రోగులు పడుచున్న దురవస్థను వార్తాపత్రికలు ప్రకటింపగా ప్రజలు ఆగ్రహించిరి. యుద్ధవ్యవహారముల మంత్రియైన సిడ్నీ హెర్బర్టు, ఫ్లారెన్సుకు చిరకాల మిత్రుడు. ఆయన కోరికపై ఆమె 38 మంది ఉపచారికలతో బయలుదేరి, 1854 నవంబరు 4వ తేదీన స్కుటారి చేరెను.

ఆ ఆసుపత్రి వాస్తవమునకు ఆసుపత్రి కాదు. అది తురుష్కుల సైన్యము నివసించుటకు కట్టిన సువిశాలమైన చతుశ్శాల. దూరమునుండి చూచువారికి అది రాజప్రాసాదమువలె గంభీరముగా కనబడుచుండెను. లోపల నరకమే. గదులు చాలక నడవలలో కూడ రోగులను పరుండబెట్టిరి. ఆ పడకల వరుసలను కొలిచినచో సుమారు 4 మైళ్ళ పొడవుండెను. పడకకును పడకకును నడుమ మూరెడు చోటైనను లేకుండెను. నేల కుళ్ళిపోయి కడుగుటకు వీలులేకుండెను. గోడలు చెమ్మగిలి యుండెను. ఎలుకలు, పురుగులు విచ్చలవిడిగా తిరుగుచుండెను. అన్నిటికంటె ఘోరమైన అపాయము కంటికి కనబడనిది. భవనము క్రింద మురుగుకాలువలు పూడిపోయి, మాలిన్యము నిలిచియుండెను. గాలి వీచినప్పుడెల్ల మరుగుదొడ్ల గొట్టముల ద్వారా ఆ దుర్గంధము రోగుల గదులలోనికి ఎగదన్నుచుండెను.

ఫ్లారెన్సు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. నేల తోముటకు బ్రష్షులు తెప్పించెను. బట్టలుతుకుటకు ఒక ఇల్లు అద్దెకు తీసికొనెను. రోగులకు తగిన ఆహారము వండుటకు వేరుగా వంటశాలలు ఏర్పరచెను. అగ్నిప్రమాదమున పాడుపడిన భవనభాగమొకటి నిరుపయోగముగా నుండగా, అధికారుల అనుమతికై వేచియుండక, సుమారు 200 మంది పనివాండ్రను పెట్టి, ఆ భాగమును బాగుచేయించి, వందలకొలది క్రొత్త రోగులకు చోటు కల్పించెను. రాత్రులందు నాలుగు మైళ్ళ పడకలనడుమ దీపము పట్టి తిరిగెను.

ఇంత చేసినను మరణములు తగ్గలేదు, మీదుమిక్కిలి హెచ్చెను. ఆ మొదటి చలికాలమున స్కుటారిలో 4,000 మందికి పైగా సైనికులు మరణించిరి. వారిలో శత్రువుల గాయములచేత చనిపోయినవారు కొందరే. విషజ్వరములు, అతిసారము, కలరా తక్కిన వారిని కబళించెను. 1855 ఫిబ్రవరిలో చికిత్సకు వచ్చిన ప్రతి 100 మందిలో 42 మందికి పైగా మరణించిరి. సైనికులు తిండిలేక, చలికి కృశించి, ఆలస్యముగా ఆసుపత్రికి వచ్చుటయే ఇందుకు కారణమని ఆమె అప్పుడు భావించెను.

1855 మార్చిలో ప్రభుత్వము పంపిన ఆరోగ్యసంఘము స్కుటారికి వచ్చెను. ఆ సంఘమున డాక్టరు సదర్లాండు అను వైద్యుడును, రాలిన్సను అను ఇంజనీరును ముఖ్యులు. వారు మందుసీసాలను చూడలేదు, కట్టడమును చూచిరి. ఆసుపత్రికి నీరు వచ్చు కాలువలో గుఱ్ఱపు కళేబరము పడియుండుటను కనుగొనిరి. మొదటి రెండు వారములలోనే ఐదువందలకు పైగా బండ్లతోను బుట్టలతోను చెత్తను తీసివేయించిరి. మురుగుకాలువలను నీటితో కడిగించి, దుర్గంధము లోనికి రాకుండ అడ్డుకట్టిరి. పైకప్పులకు రంధ్రములు చేయించి, కిటికీలు తెరపించి గాలి ఆడునట్లు చేసిరి. గోడలకు సున్నము కొట్టించిరి. ఫలితము అద్భుతము. జూను నెల నాటికి మరణములు 100కి 2కు దిగెను. అదే భవనము, వారే వైద్యులు, వారే ఉపచారికలు. మారినవి గాలి, నీరు, మురుగుకాలువలు.

ఆ సంవత్సరమే మరియొక నిదర్శనము కూడ దొరకెను. ఇసంబార్డు బ్రూనెలు అను ప్రఖ్యాత ఇంజనీరు కొయ్యతో ఒక ఆసుపత్రిని రూపొందించెను. దాని భాగములను ఇంగ్లండులోనే తయారుచేసి, ఓడలపై డార్డనెల్సు జలసంధి తీరమునకు తెచ్చి, రెంకియోయి అను చోట అమర్చిరి. ఒక్కొక్క శాలలో 50 మంది రోగులుందురు. శాలకును శాలకును నడుమ ఖాళీస్థలము, గాలి పంపు యంత్రములు, మురుగు పోవుటకు మార్గములు ముందే ఆలోచించి పెట్టబడినవి. అచట చేరిన పదమూడు వందలకు పైబడిన రోగులలో మరణించినవారు 50 మంది మాత్రమే.

1856వ సంవత్సరమున యుద్ధము ముగియగా ఫ్లారెన్సు స్వదేశమునకు మరలెను. దేశమంతయు ఆమెకు జయజయధ్వానములు పలుకుటకు సిద్ధముగా నుండెను. ఆమె వానిని తప్పించుకొని, నిశ్శబ్దముగా ఇల్లు చేరెను. ఆమె మనస్సు నిండ చనిపోయిన సైనికులే. విలియం ఫార్ అను గణాంకశాస్త్రజ్ఞునితో కలిసి ఆమె యుద్ధకాలపు మరణముల లెక్కలను పరిశీలించెను. అంకెలు నిర్దాక్షిణ్యముగా నిజము చెప్పెను. రోగులు చేరినప్పటి బలహీనత ఒక్కటియే కారణము కాదు. తాను రాత్రింబవళ్ళు సేవచేసిన ఆ భవనమే వారి ప్రాణములు తీసినది. ఈ ఎరుక ఆమెను ఎంతయో బాధించెను. ఆమె దానిని దాచిపెట్టలేదు. ఆ తప్పు ఇక ఎచ్చటను జరుగకుండ చూచుట తన జీవితవ్రతముగా చేసికొనెను. అంకెలు చదువుటకు ఓపికలేని మంత్రులకు సైతము తెలియునట్లు, ఆమె మరణములను రంగులు వేసిన వృత్తాకారపు పటములుగా చూపెను. నివారింపదగిన వ్యాధుల భాగము నీలివర్ణమున విశాలముగా పరచుకొని, గాయముల భాగమును మరుగుపరచుచుండెను. 1858వ సంవత్సరమున లండను గణాంకసంఘము ఆమెను సభ్యురాలిగా ఎన్నుకొనెను. ఆ గౌరవము పొందిన మొదటి స్త్రీ ఆమెయే.

అంతలో ఒక క్రొత్త పోరాటము ఎదురయ్యెను. నెట్లీ అను చోట సముద్రపు ఒడ్డున సైనికులకు ఒక మహావైద్యశాల కట్టబడుచుండెను. విక్టోరియారాణి స్వయముగా పునాదిరాయి వేసెను. ఫ్లారెన్సు ఆ పటములను చూచి ఉలికిపడెను. భవనము పావుమైలు పొడవు. సముద్రపు గాలియు ఎండయు వచ్చు ముఖభాగమంతయు పొడవైన నడవకు కేటాయించిరి. రోగుల గదులు వెనుకవైపున, ఎదురుకిటికీలు లేకుండ పెట్టబడెను. బాటసారులకు కనులపండువుగా నుండును, రోగికి ఊపిరాడదు. ఆమె ప్రధానమంత్రియైన పామర్‌స్టను ప్రభువును కలిసికొని లోపములన్నియు వివరించెను. ఆయన ఆమె మాటను అంగీకరించెను. కాని అప్పటికే పునాదులు లేచినవి. నిర్మాణము మార్చినచో పెద్దమొత్తము ధనము నష్టమగునని అధికారులు పట్టుపట్టిరి. కొలది మార్పులతో ఆ భవనము అట్లే పూర్తియై 1863లో తెరువబడెను. ఒక శతాబ్దము గడచిన పిదప, 1966లో ప్రార్థనామందిరము తప్ప ఆ భవనమును పడగొట్టిరి. కాగితము మీద గీత మార్చుట సులభము, గోడ లేచిన పిదప మార్చుట కష్టమని ఫ్లారెన్సు ఆ పరాజయమువలన నేర్చుకొనెను. కనుక గోడలు లేవక పూర్వమే కట్టువారికి బుద్ధి చెప్పవలెనని ఆరోగ్యశాలలను గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. అది 1859లో వెలువడెను. 1863లో పెంచి తిరిగి ప్రకటించెను.

ఆసుపత్రి రోగికి మేలు చేయుటకు ముందు కీడు చేయకుండవలెను అనునది ఆ గ్రంథమునకు మూలసూత్రము. ఒకే కప్పు క్రింద పెక్కుమంది రోగులను కూర్చుట, చోటు చాలకుండుట, గాలి లేకుండుట, వెలుతురు లేకుండుట, ఈ నాలుగును భవనములకు గల మహాదోషములని ఆమె చూపెను. వీనికి మందు ఏమనగా, ఒక్క మహాభవనమునకు బదులు విడివిడిగా చిన్న శాలలను కట్టుట. పారిసు నగరమున 1854లో తెరువబడిన లారిబోయిసియేర్ ఆసుపత్రి ఇట్టి పద్ధతికి ఉదాహరణముగా ఉండెను. ఆమె ఆ పద్ధతికి కొలతలు ఏర్పరచెను. శాలకు రెండంతస్తులకు మించరాదు. శాలకును శాలకును నడుమ దూరము వాని ఎత్తునకు రెండురెట్లకు తగ్గరాదు. అప్పుడుగాని ఒకదాని నీడ మరియొకదానిపై పడక గాలి స్వేచ్ఛగా వీవదు. ఒక్కొక్క వార్డులో 20 మొదలు 32 వరకు పడకలుండవలెను. అంతకు తక్కువైనచో ఉపచారికలు ఎక్కువమంది కావలెను. ఎక్కువైనచో గాలి చాలదు. వెడల్పు 30 అడుగులు; ఇరుప్రక్కల ఎదురెదురుగా కిటికీలు; రెండు పడకలకు ఒక కిటికీకి తక్కువ కారాదు. కిటికీ నేలకు రెండుమూడడుగుల ఎత్తున మొదలై పైకప్పునకు ఒక అడుగు క్రిందివరకు ఉండవలెను. అప్పుడు పైకి చేరిన వేడిగాలి వెలికిపోవును. పరుండియున్న రోగి ఆకాశమును, చెట్లను చూడగల్గును. ఒక్కొక్క రోగికి 1,500 ఘనపుటడుగుల చోటుండవలెను.

ఆమె దృష్టి అంతటితో ఆగలేదు. గోడలు చెమ్మను, మాలిన్యమును పీల్చనివై యుండవలెను. నేల నున్నగా నుండి, నీరు ఇంకనిదై యుండవలెను. మరుగుదొడ్లు వార్డు చివర ఉండి, వార్డునకు వానికి నడుమ గాలియాడు చిన్నగది ఒకటి ఉండవలెను. మురుగుకాలువలు ఎన్నడును భవనము క్రిందుగా పోరాదు. ఉపచారిక గదినుండి ఒక్క చూపులో రోగులందరును కనబడవలెను. ఈ నియమములలో ఒక్కటియు అలంకారము కొరకు కాదు; ప్రతిదాని వెనుకను స్కుటారిలో పోయిన ప్రాణములున్నవి.

ఈ బోధ వృథా కాలేదు. వూలిచ్ పట్టణమున సిడ్నీ హెర్బర్టు పేర సైనికవైద్యశాలను కెప్టెను డగ్లసు గాల్టను ఈ పద్ధతిపై నిర్మించెను. అది 1865లో తెరువబడెను. ఫ్లారెన్సు 1860లో ఉపచారికల పాఠశాలను స్థాపించిన సెంటుథామసు ఆసుపత్రి, రైలుమార్గము కొరకు స్థానము మారవలసి వచ్చెను. దానిని నగరమునకు వెలుపల కట్టవలెనని ఆమె కోరినను అది నెరవేరలేదు. అయినను థేమ్సునది ఒడ్డున విడివిడి శాలల వరుసగా అది రూపొంది 1871లో తెరువబడెను. ఇట్టి పొడవైన వార్డులు నైటింగేలు వార్డులని పెక్కుదేశములలో ప్రసిద్ధి కెక్కెను.

తన పేరున నడచు సంస్థలను కూడ ఆమె ఇదే త్రాసున తూచెను. లండనులోని ఒక ఆసుపత్రిలో ఆమె నిధి సహాయముతో ప్రసవపు వార్డు ఒకటి తెరువబడియుండెను. కొన్ని సంవత్సరములకు అచట సూతికాజ్వరము వ్యాపించి తల్లులు మరణించిరి. ఫ్లారెన్సు పరువునకు వెరచి ఊరకుండలేదు. 1867లో ఆ వార్డు మూయబడెను. ఆమె అనేక సంస్థలనుండి లెక్కలు తెప్పించి, బీదల ఇండ్లలో జరుగు కాన్పులకంటె పెద్ద ప్రసవశాలలలో జరుగు కాన్పులే ఎక్కువ అపాయకరముగా నున్నవని కనుగొని, 1871లో గ్రంథరూపమున ప్రకటించెను. గర్భిణులను రోగులతో కలుపరాదనియు, వారికి వేరుగా చిన్న గదులు కట్టవలెననియు బోధించెను.

ఆమె ఎన్నడును భారతదేశమునకు రాలేదు. అయినను మన దేశమును గూర్చి ఆమె చేసిన కృషి తక్కువది కాదు. ఇచ్చటి బ్రిటిషు సైనికులలో వేయిమందికి ఏటేట 69 మంది చనిపోవుచుండిరి. ఈ విషయమును విచారించుటకు 1859లో ఏర్పడిన సంఘము కొరకు ఆమె భారతదేశపు దండుస్థలములన్నిటికిని ప్రశ్నలు పంపించి, బండ్లకొలది వచ్చిన జవాబులను చదివి సారము తీసెను. చెడునీరు, మురుగు పోవు మార్గము లేకుండుట, ఇరుకైన నివాసములు, ఇవే శత్రువులని 1863లో ప్రకటించెను. సైనికులు పరుండు నేల భూమికి ఎత్తుగా నుండి క్రిందినుండి గాలి ఆడవలెననియు, చుట్టునున్న ఊళ్ళ ఆరోగ్యమును విడిచి దండుల ఆరోగ్యమును కాపాడుట అసాధ్యమనియు వాదించెను. మరుసటి సంవత్సరము మద్రాసు, బొంబాయి, బెంగాలు రాష్ట్రములందు ఆరోగ్యసంఘములు ఏర్పడెను. పదియేండ్లలో ఆ మరణసంఖ్య 69 నుండి 18కి తగ్గెను. పిమ్మట ఆమె దృష్టి రైతులపైకి మరలెను. ధవళేశ్వరమున గోదావరికి ఆనకట్ట కట్టిన సర్ ఆర్థరు కాటనుతో ఉత్తరప్రత్యుత్తరములు జరుపుచు, క్షామనివారణకు కాలువలు త్రవ్వవలెనని ఆమె ప్రభుత్వమును హెచ్చరించుచుండెను.

ఈ పనులలో పెక్కింటిని ఆమె రోగశయ్యపైనుండియే నిర్వహించెను. క్రిమియాలో తగిలిన జ్వరము ఆమెను చిరకాలము బాధించెను. వార్ధక్యమున చూపు పోయెను. 1907లో రాజు ఆమెకు ఆర్డర్ ఆఫ్ మెరిట్ బిరుదు నొసగెను. ఆ బిరుదు పొందిన మొదటి స్త్రీ ఆమెయే. 1910 ఆగస్టు 13వ తేదీన తొంబదియవ యేట ఆమె కన్నుమూసెను. వెస్టుమినిస్టరు ఆబీలో సమాధి చేయుటకు ప్రభుత్వము ముందుకు వచ్చినను, కుటుంబమువారు అంగీకరింపక, ఈస్టువెల్లో గ్రామమున కుటుంబపు శ్మశానవాటికయందే సమాధి చేసిరి.

దుర్గంధముతో కూడిన గాలియే రోగములను పుట్టించునని ఫ్లారెన్సు చిరకాలము నమ్మెను. సూక్ష్మజీవులే అనేక వ్యాధులకు మూలమని తరువాతి శాస్త్రజ్ఞులు నిరూపించిరి. ఆమె చెప్పిన కారణము సరికాకున్నను, ఆమె చూపిన మార్గము సరియైనదే. మాలిన్యము తొలగినచోట క్రిములు తగ్గును. గాలి పారుచోట క్షయవంటి వ్యాధులు ఒకరినుండి ఒకరికి అంటుట తగ్గును. 2009లో ప్రపంచ ఆరోగ్యసంస్థ సైతము ఆసుపత్రులలో సహజమైన గాలి ఆడునట్లు కట్టడములను రూపొందించు విధమును గూర్చి సూచనలు ప్రకటించెను.

మే 12వ తేదీని లోకమంతయు నర్సుల దినముగా జరుపుకొనుచున్నది. ఆనాడు ఆమె చేతి దీపమును తలచుకొనుట ఉచితమే. దానితోపాటు ఆమె తెరపించిన కిటికీని కూడ తలచుకొనవలెను. ఇల్లు కట్టువాడు, పాఠశాల కట్టువాడు, ఆసుపత్రి కట్టువాడు రాతిని, సున్నమును మాత్రమే పేర్చుటలేదు. అందు నివసించువారి ఆయువును కూడ నిర్ణయించుచున్నాడు. గోడ లేచుటకు ముందే ఆ సంగతి యోచించువాడు, వ్యాధి రాకమునుపే ప్రాణదానము చేసినవాడగును.